పింగాణీ నేర్పే పాఠం

సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెలుగువారికి పుస్తకాన్ని చేరువ చేసింది. అక్కడికి దగ్గరలోనే, మూసీ ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియం కూడ ఒక గ్రంథాలయమే. అందులో వస్తువులే గ్రంథాలు.

1951లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో చైనా పింగాణీ పాత్రలు, పచ్చరాతి శిల్పాలు, లక్కపని వస్తువులు ఉన్నాయి. సందర్శకులు చాలమంది మేలిముసుగు రెబెకాను, సంగీత గడియారాన్ని చూచి వీటిని దాటిపోతారు. సెలడాన్ పాత్ర విషాన్ని పసిగడుతుందని పూర్వులు నమ్మేవారు. అది నమ్మకం మాత్రమే. వెయ్యి డిగ్రీలకు మించిన వేడిలో ఆ లేతాకుపచ్చ నిగారింపును సాధించడం మాత్రం కుమ్మరి ఎరిగిన శాస్త్రం.

సేకరించిన మూడవ సాలార్ జంగ్ పేరు నిలిచింది. మలచిన పనివారి పేర్లు చాలవరకు మరుగునపడ్డాయి. మన బిదరీ, నిర్మల్ కళాకారుల స్థితీ ఇంచుమించు అంతే. పరదేశపు చేతిపనిని శ్రద్ధగా చూచిన కన్ను తన ఊరి పనివానిని చిన్నచూపు చూడదు. అందుకే మ్యూజియం సందర్శన విహారంగా ముగియరాదు. విద్యలో భాగం కావాలి.