సభ్యత్వాలు మనవి, టికెట్లు ఎవరివి?

ఎన్నికల గాలి మొదలైందంటే మన మహల్లాల్లోకి ముందుగా వచ్చేది అభ్యర్థి కాదు, సభ్యత్వ నమోదు. ఒకప్పుడు రసీదు పుస్తకం పట్టుకుని వచ్చేవారు, ఇప్పుడు సెల్‌ఫోను పట్టుకుని వస్తున్నారు. ఫోటో, ఆధార్ నంబరు, ఓటరు కార్డు నంబరు ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబితే పని అయిపోతుంది. రుసుము ఎవరో కట్టేస్తారు. మగవాళ్ళు పనులకు పోయిన వేళ ఇంట్లో ఆడవాళ్ళ కార్డులు కూడా ఫోటో తీసుకుని పోతారు. "బీమా ఉంది ఖాలా, మీకు పోయేదేముంది?" అంటారు.

బీమా మాట అబద్ధం కాదు. తెలుగుదేశం, టి.ఆర్.ఎస్., కాంగ్రెస్ - ఈ మూడు పార్టీలూ వేర్వేరు సంవత్సరాల్లో తమ సభ్యులకు 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించాయి. ఆటో నడుపుకునే ఇంటికి, మేస్త్రీ పని చేసుకునే ఇంటికి 2 లక్షలు చిన్న మొత్తం కాదు. దాని కోసం పేరు రాయించుకున్నవారిని మేము తప్పు పట్టడం లేదు. ఒకే ఇంట్లో మూడు పార్టీల సభ్యత్వాలుండటం కూడా మనకు కొత్త కాదు. అయితే "పోయేదేముంది" అన్న ప్రశ్నకు మాత్రం జవాబు వెతకాలి.

అలా చేర్చిన పేర్లన్నీ ఒక మనిషి లెక్కలో పడతాయి. ఆయన ఆ జాబితా తీసుకుని హైదరాబాదు వెళతాడు. "మా పట్టణంలో మైనారిటీలు ఇన్ని వేల మంది నా వెంట ఉన్నారు" అని చెప్పుకుంటాడు. ఆ లెక్కతోనే పట్టణ కమిటీలో పదవి, మైనారిటీ సెల్‌లో కుర్చీ, ఆపైన ఏదో ఒక కార్పొరేషన్‌లో సభ్యత్వం అడుగుతాడు. ఆ వేల మందిలో ఒక్కరినైనా "ఇతడు మీ నాయకుడేనా?" అని అడిగిన దాఖలా ఉండదు. తర్వాత ఎన్నికలొస్తాయి. బి-ఫారం పైనుంచి వస్తుంది. మన వార్డులో ఎవరిని నిలబెట్టాలో మనల్ని ఎవరూ అడగరు. సభ్యులం మనమే అయినా అభ్యర్థి ఎవరో మనకు పత్రిక చూస్తే గాని తెలియదు.

ఈ రోగం కొత్తది కాదు. కాంగ్రెస్ సభ్యత్వం నాలుగణాలకు దొరికిన రోజుల్లోనే బోగస్ సభ్యుల బెడద ఉండేది. 1939లో గాంధీజీ తన హరిజన్ పత్రికలో ఈ సంగతి రాసి, సంస్థ లోపలి నుంచి కుళ్ళుతోందని బాధపడ్డారు. స్వాతంత్ర్యం వచ్చాక అది తగ్గలేదు. 1972 తర్వాత ఇరవై ఏళ్ళపాటు కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలే జరగలేదు. మన కరీంనగర్ వాడే అయిన పి.వి. నరసింహారావు గారి హయాంలో అవి జరిగి, 1992 ఏప్రిల్‌లో తిరుపతి మహాసభలో వర్కింగ్ కమిటీకి కూడా ఓటింగు పెట్టారు. అప్పుడు దేశమంతటా వినిపించిన ఫిర్యాదు బోగస్ సభ్యత్వాల గురించే. చివరికి ఏమైంది? గెలిచినవారిలో దళితులు, మహిళలు లేరన్న కారణం చూపి వారి చేత రాజీనామాలు చేయించారు. ఆ కారణం న్యాయమైనదే కావచ్చు. కాని ఇరవై ఏళ్ళకు ఒకసారి జరిగిన ఓటింగు కూడా నిలవలేదు.

బి.జె.పి. 2015లో మిస్డ్ కాల్ ఇస్తే సభ్యత్వం అని చెప్పి 10 కోట్లు దాటామని ప్రకటించింది. ఫోను మోగించి కట్ చేసినవాడు కూడా సభ్యుడైతే, ఇక ఆ మాటకు అర్థమేమిటో ఆ పార్టీలో ఏళ్ళుగా పని చేసిన కార్యకర్తలే చెప్పాలి.

చట్టం ఏం చేస్తోంది అంటారా? 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షను ప్రకారం పార్టీ రిజిస్టరు చేయించుకోవాలి, రాజ్యాంగానికి విధేయంగా ఉంటామని రాసివ్వాలి. అభ్యర్థిని సభ్యులే ఎన్నుకోవాలని అందులో ఎక్కడా లేదు. పార్టీల లోపల ప్రజాస్వామ్యం ఉండేలా చట్టం తేవాలని 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో సిఫారసు చేసింది. ఏ ప్రభుత్వమూ దాన్ని చేతబట్టలేదు. తమ ఇంటికి తామే తాళం వేసుకునే పార్టీ ఏది?

ఇక మన సిద్దిపేట సంగతి. 2016 ఏప్రిల్ మునిసిపల్ ఎన్నికల్లో ఇక్కడ 34 వార్డులు. టి.ఆర్.ఎస్. ఏకగ్రీవాలతో కలిపి 22 గెలిచింది. రెండో స్థానంలో ఏ పార్టీ ఉందనుకుంటున్నారు? కాంగ్రెస్‌కు 2, బి.జె.పి.కి 2, మజ్లిస్‌కు 1. స్వతంత్రులకు 7! 2021లో వార్డులు 43 అయ్యాయి. టి.ఆర్.ఎస్.కు 36, బి.జె.పి.కి 1, మజ్లిస్‌కు 1, స్వతంత్రులకు 5. అంటే రెండుసార్లూ సిద్దిపేట పట్టణంలో అధికార పార్టీ తర్వాతి "పార్టీ" స్వతంత్రులదే. రాష్ట్రంలో ఇంత బలంగా ఒకే పార్టీ వేళ్ళూనుకున్న పట్టణం మరొకటి దొరకడం కష్టం. అలాంటి చోట కూడా ఓటరు పార్టీ గుర్తును పక్కన పెట్టి మనిషిని చూసి ఓటు వేశాడంటే, టికెట్ల పంపకం మీద అతనికి ఏదో అసంతృప్తి ఉందనే కదా అర్థం.

అయితే సంతోషించే ముందు ఒక మాట. స్వతంత్రులుగా గెలిచేవారిలో టికెట్ దక్కక బయటికొచ్చినవారే ఎక్కువ. పత్రికల భాషలో రెబెల్స్. గెలిచాక వారానికో నెలకో మళ్ళీ కండువా కప్పుకుంటారు. ఇంటి మీద అలిగి అత్తగారింట్లో నాలుగు రోజులుండి వచ్చినట్టు. ఓటరు మాత్రం తాను పార్టీకి బుద్ధి చెప్పాననుకుని మురిసిపోతాడు.

ఈ దారి మన ఊరికి పాతదే. 1969 ఉద్యమం తర్వాత 1970లో జరిగిన ఉప ఎన్నికలో అనంతుల మదన్ మోహన్ గారు కాంగ్రెస్‌కు ఎదురు నిలిచి తెలంగాణ ప్రజాసమితి మనిషిగా ఇక్కడ గెలిచారు. ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసింది, 1972లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. రాష్ట్రస్థాయిలో చూస్తే 2018లో వైరా నుంచి ఒకే ఒక్క స్వతంత్ర అభ్యర్థి శాసనసభకు వచ్చారు. పొత్తులో సీటు పోవడంతో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి నిలబడిన లావుడ్యా రాములు నాయక్ గారు ఆయన. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే టి.ఆర్.ఎస్. వైపు వెళ్ళారు. స్వతంత్రుడిగా గెలిచినవాడు పార్టీలో చేరితే సభ్యత్వం పోవాలని 1985 నాటి పదో షెడ్యూలు స్పష్టంగా చెబుతోంది. ఆయన మాత్రం పదవీకాలమంతా శాసనసభ్యుడిగానే ఉన్నారు. 2023లో తెలంగాణ 119 స్థానాల్లో ఒక్క స్వతంత్రుడూ గెలవలేదు. కొల్లాపూర్‌లో నిలబడిన నిరుద్యోగ యువతి "బర్రెలక్క" శిరీష గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది, ఆమెకు పడినవి మాత్రం 6 వేల లోపు ఓట్లు.

మరో రకం స్వతంత్రులూ ఉన్నారు. వాళ్ళు గెలవడానికి నిలబడరు. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో, అది మన జిల్లాయే, బి.జె.పి. 1,079 ఓట్ల తేడాతో గెలిచింది. చపాతీ కర్ర, పీటను పోలిన గుర్తు మీద నిలబడిన ఒక స్వతంత్ర అభ్యర్థికి 3,500కు పైగా ఓట్లు పడ్డాయి. కారు గుర్తు అనుకుని ముసలివాళ్ళు దాని మీద నొక్కారని టి.ఆర్.ఎస్. వాపోయింది. అంతకు ముందు 2019లో భువనగిరిలో కాంగ్రెస్ 5,219 ఓట్లతో గెలిస్తే, రోడ్డు రోలరు గుర్తుకు 27 వేలకు పైగా పడ్డాయి. చదువురాని ఓటరు చూపును నమ్ముకుని ఆడే ఈ ఆటను స్వతంత్రత అనలేం.

గెలుపు కోసం కాకుండా వినిపించుకోవడం కోసం నిలబడ్డవారి సంగతి వేరు. 1996లో ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోతున్న నల్లగొండ జనం లోక్‌సభ ఎన్నికలో 480 మంది అభ్యర్థులను నిలబెట్టారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే పని చేస్తే 185 మంది బరిలో నిలిచారు. వారెవరూ గెలవలేదు, గెలుస్తామని నిలబడనూ లేదు. కాని వారి బాధ ఢిల్లీ దాకా వినిపించింది. ప్రభుత్వం ఏం చేసింది? 1996 ఎన్నికలు కాగానే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పది మంది కావాలన్నది.

పేర్లు పేర్చే ఈ పనికి ఆస్ట్రేలియాలో "బ్రాంచ్ స్టాకింగ్" అని పేరు. అక్కడ పార్టీ శాఖల్లోని సభ్యులే అభ్యర్థిని ఎంచుకోవడంలో ఓటు వేస్తారు, కాబట్టి పేర్లకు విలువ ఎక్కువ. 2020లో విక్టోరియా రాష్ట్రంలో లేబర్ పార్టీ మంత్రి ఆడం సోమ్యురెక్ ఈ వ్యవహారంలో పదవి పోగొట్టుకున్నాడు. 2022లో వచ్చిన విచారణ నివేదికలో ఉన్న సంగతులు మనకు బాగా తెలిసినవే: సభ్యుల రుసుము ఇంకెవరో కట్టడం, సంతకాలు ఇంకెవరో చేయడం, ప్రభుత్వ జీతగాళ్ళ చేత పార్టీ పని చేయించడం. వలస వచ్చి స్థిరపడ్డ చిన్న సముదాయాల పేర్లనే ఇలాంటి పనికి ఎక్కువగా వాడుకుంటారు. ఎందుకంటే అక్కడ ఒక పెద్దమనిషిని పట్టుకుంటే వంద ఇళ్ళు దొరుకుతాయి. ఈ వాక్యం మన గురించి కూడా రాసుకోవచ్చు.

అదే దేశంలో 2022లో సిడ్నీ దగ్గర ఫౌలర్ అనే నియోజకవర్గంలో లేబర్ పార్టీ స్థానికులను కాదని బయటి నాయకురాలిని దించింది. చిన్నప్పుడు వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన డై లీ అనే స్థానికురాలు స్వతంత్రంగా నిలబడి గెలిచింది. ఆమె కూడా ఒకప్పుడు మరో పార్టీలో ఉన్న మనిషే. కాని గెలిచాక ఏ పార్టీలోనూ చేరలేదు. 2025లో మళ్ళీ స్వతంత్రంగానే గెలిచింది. అయితే ఒక తేడా మరచిపోకూడదు. అక్కడ ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస వేస్తాడు. మొదటివాడు ఓడితే ఓటు రెండోవాడికి పోతుంది. ఇక్కడ అలా కాదు. స్వతంత్రుడికి వేసిన ఓటు ఓడితే అక్కడితో సరి. అందుకే స్వతంత్రుడి మాట వచ్చినప్పుడల్లా మన పెద్దలు "ఓటు చీలుతుంది" అని హెచ్చరిస్తారు. అసెంబ్లీ, పార్లమెంటు విషయంలో ఆ భయం ఉత్తది కాదు, దాన్ని ఎగతాళి చేయము. కాని కొద్ది వేల ఓట్ల వార్డులో కూడా అదే మాట చెప్పి నోరు మూయించడం సరికాదు. 2016లో ఏడుగురు, 2021లో ఐదుగురు గెలిచిన పట్టణం మనది.

మరి ఏం చేయాలి? పార్టీలో చేరాలనుకున్నవారు చేరాలి. మేము వద్దనడం లేదు. కాని తెలిసి చేరాలి, రుసుము మన జేబులోంచే కట్టాలి, వార్డు కమిటీ సమావేశం ఎప్పుడని అడగాలి, వెళ్ళి కూర్చోవాలి. ఇష్టం లేని పార్టీలో పేరుంటే అది మన తరఫున ఎవరో ఇచ్చిన సాక్ష్యం. దొంగ సాక్ష్యం గురించి మన దీన్ ఎంత కఠినంగా చెప్పిందో ఈ పేజీ చదివేవారికి వేరే చెప్పనక్కర లేదు. ఇంట్లో ఆడవాళ్ళ కార్డులు ఎవరి ఫోనులోకి వెళ్ళాయో ఒకసారి అడిగి తెలుసుకోవడం కూడా మంచిది. వారి పేరు మీద చెప్పే మాట వారికే తెలియకపోతే ఎలా?

స్వతంత్రుడు ఓటడగడానికి వస్తే చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి, నలుగురి ఎదుట ఒక్క సంగతి తేల్చుకోవాలి. గెలిచాక పార్టీలో చేరాలనిపిస్తే ముందు రాజీనామా చేసి, మళ్ళీ మన దగ్గరికి వస్తాడా? ఇది జరగని పని అనుకోవద్దు. 2001 ఏప్రిల్‌లో కె. చంద్రశేఖరరావు గారు తెలుగుదేశాన్ని వదిలినప్పుడు డిప్యూటీ స్పీకర్ పదవితో పాటు సిద్దిపేట శాసనసభ్యత్వానికీ రాజీనామా చేసి, ఉప ఎన్నికలో తిరిగి గెలిచారు. తర్వాత 2019లో ఆయన పార్టీయే కాంగ్రెస్ నుంచి గెలిచిన 12 మందిని రాజీనామా లేకుండానే కలుపుకుంది. 2024లో ఆయన పార్టీవారిని కాంగ్రెస్ అదే విధంగా తీసుకుంది. ఆ రెండు సంగతులూ అభ్యర్థికి గుర్తు చేయవచ్చు. జవాబు తప్పించుకుంటే అతను వచ్చే దారి, పోయే దారి రెండూ అప్పుడే తెలిసిపోతాయి. ఒప్పుకుంటే ఆ మాట కాగితం మీద రాయించి, అక్కడున్న నలుగురి చేత సంతకాలు పెట్టించాలి. ఆ కాగితానికి కోర్టులో విలువ ఉండకపోవచ్చు. అతను కండువా కప్పుకున్న రోజున మహల్లాలో నలుగురికీ చూపించడానికి పనికొస్తుంది.