మాటిమాటికి కాలు కాయిలు

పడవ యంత్రమునందు కాయిలు ఒకసారి కాలిపోయిన యెడల క్రొత్తది కొని బిగించుట న్యాయమే. రెండవసారియు కాలినచో సంశయింపవలెను. మూడవసారియు కాలిన పిమ్మట, కారణము విచారింపక నాలుగవ కాయిలుకై గవర్నర్‌పేట అంగళ్లకు పరుగెత్తుట ద్రవ్యమును కృష్ణలో పాఱవేయుటయే యని మా దృఢాభిప్రాయము. ఏలయన, కాయిలునందు కదలు భాగమేదియు లేదు, అరుగునదియు లేదు. అట్టి వస్తువు మాటిమాటికి చెడుచున్నదనిన, దానిని చెఱచునది వేఱొకటి ఆ పడవయందే యుండి తీరవలెను.

డీజిలు యంత్రమునకు కాయిలుతో పనిలేదు. పెట్రోలుతో నడచునట్టియు, పెట్రోలుతో బయలుదేఱి పిమ్మట కిరసనాయిలుతో నడచునట్టియు యంత్రములలో, బాటరీయు పాయింట్లును గలవానిని గూర్చియే మేమిచట ముఖ్యముగా వ్రాయుచున్నాము. ఇది సొమ్ము మాట మాత్రమే కాదు. లంకభూములు గల రైతునకు పడవ ఎడ్లబండి వంటిది. బండి నిలిచినచో త్రోవలో నిలుచును. పడవ యంత్రము నిలిచినచో పడవ నిలువదు, నీరు లాగినవైపు పోవును. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బారేజీయొద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినప్పుడు, పడవలు కొట్టుకొనివచ్చి గేట్లయొద్ద తగులుకొనుట మన మెఱిగినదే. వరదనీటి బలమట్టిది. కాన నడి యేటిలో చల్లారిన కాయిలు ప్రాణముతో చెలగాటము.

కాయిలు చేయు పని తెలిసినచో దాని రోగము తెలియుట సులభము. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే దానికి మూలము. ఒక ఇనుప కడ్డీమీద లావు తీగ కొన్ని వందల చుట్లును, సన్నని తీగ వేలకొలది చుట్లును ఉండును. బాటరీ విద్యుత్తు లావు తీగలో ప్రవహించుచుండగా పాయింట్లు తటాలున విడివడును. ఆ క్షణమున సన్నని తీగలో వేలకొలది వోల్టులు పుట్టి ప్లగ్గుకడ నిప్పురవ్వ యగును. కాయిలునకు శత్రువులు ముఖ్యముగా రెండు: లావు తీగలో మితిమీరిన వేడిమి, సన్నని తీగలో దారి దొరకని విద్యుత్తు. మాటిమాటికి కాలు కాయిళ్లలో పెక్కింటికి మూలము ఈ రెంటిలో నేదో యొకటి యగును.

వేడిమికి మొదటి కారణము తగని కాయిలు. 12 వోల్టుల బాటరీకి నేరుగా కలుపదగిన కాయిలు లావు తీగ నిరోధము సుమారు 3 ఓములుండును. మఱియొక రకమునకు సుమారు 1.5 ఓములే, దానితోకూడ వెలుపల 1.5 ఓముల రెసిస్టరు ఉండవలెను. చూపునకు రెండును ఒకటే. ఈ రెండవ రకమును రెసిస్టరు లేక బిగించినచో 4 ఆంపియర్లు పోవలసినచోట 8 ఆంపియర్లు పోవును. పాయింట్లు మూసియున్నంతసేపు కాయిలులో పుట్టు వేడిమి 24 వాట్లకు బదులు 96 వాట్లు, అనగా నాలుగు రెట్లు. ఇట్లు బిగించిన పడవలో ఎన్ని కాయిళ్లు మార్చినను అన్నియు కాలును.

రెండవది తాళము. యంత్రము ఆగినను తాళము త్రిప్పి తీయక గట్టుకు పోయినచో, పాయింట్లు మూసియుండిన యెడల విద్యుత్తు ఎడతెగక ప్రవహించి కాయిలును కాల్చును. మూడవది డైనమో రెగ్యులేటరు దోషము. నడచుచున్న యంత్రమున బాటరీ కొనలయొద్ద 14 వోల్టుల ప్రాంతమున ఉండవలెను. 17 వోల్టులున్నచో కాయిలు వేడిమి సుమారు ఒకటిన్నర రెట్లగును. నాలుగవది కాయిలు ఉన్న చోటు. పొగగొట్టము ప్రక్కను, యంత్రము నెత్తిమీదను బిగించిన కాయిలు వేడికిని అదరుటకును లోనగును. గాలి తగులు చోట, చెక్కకు గట్టిగా బిగించుట మేలు. అరగంట నడచి ఆగిపోయి, చల్లారిన పిమ్మట మరల నడచు యంత్రమున నిప్పురవ్వ లోపించుచున్నదేమో ఆగిన వెంటనే చూడవలెను.

దారి దొరకని విద్యుత్తు సంగతి వేఱు. ప్లగ్గు ఎడము మితిమీరి పెరిగినను, ప్లగ్గు తీగ లోపల తెగినను, రవ్వ పోవలసిన త్రోవను పోజాలక కాయిలులోపలి పూతనే చీల్చుకొని పోవును. ప్లగ్గు తీగను ఊడదీసి గాలిలో వ్రేలాడదీసి యంత్రమును త్రిప్పి చూచుట కొందఱకు వాడుక. కాయిలునకు ఇంతకంటె చేటు లేదు. ప్లగ్గును తీగకు తగిలించి, దాని ఒడలు యంత్రపు ఇనుమునకు గట్టిగా ఆనించి చూడవలెను. అంతకుముందు పడవను ఒడ్డున కట్టి, యంత్రపు మూత తెఱచి, పెట్రోలు ఆవిరి పూర్తిగా పోనీయవలెను. ఆ ఆవిరి గాలికంటె బరువు గనుక పడవ అడుగుననే నిలిచియుండును. నాగాయలంక వైపు ఉప్పుగాలి తగులు పడవలలో తీగల కొనలు చిలుమెక్కి, రవ్వ పక్కదారి పట్టుటయు గలదు. బాటరీ లేక మాగ్నెటోతో నడచు యంత్రములకు పైని వోల్టుల లెక్క వర్తింపదుగాని, ప్లగ్గు, తీగ, వేడిమి, ఉప్పు సంగతులు వానికిని చెల్లును.

“కాయిలు వెల ఎంత? పోయినప్పుడెల్ల మార్చుకొందుము, పరీక్షలు మాకేల?” అని కొందఱందురు. “హెచ్చు వెల కాయిలు కొన్నచో కాలదు” అని మఱికొందఱి మాట. వారికి మా ప్రత్యుత్తరమిది: వరి ఆకు పచ్చబడినప్పుడు మీరేమి చేయుదురు? నత్రజని లోపమో, జింకు లోపమో, నీరు నిలిచి వేరు ఊపిరాడకున్నదో విచారింపక బస్తా తరువాత బస్తా యూరియా చల్లుదురా? చల్లినచో సొమ్మును పోవును, చేనును పోవును. పుండొకచోట నుండగా మందొకచోట పెట్టుట చేనికెంత చేటో యంత్రమునకును అంతియే. హెచ్చు వెల కాయిలైనను 8 ఆంపియర్లకు ఓర్వనిదైనచో కాలకమానదు. వెల చూచి కాదు, నిరోధము చూచి కొనవలెను.

కావున సభ్యులకు మేము చేయు సూచన యిది. ప్రతి సంఘమును సభ్యుల యుపయోగమునకై ఒక మల్టీమీటరు కొని యుంచవలెను. దానివలన ఓములును వోల్టులును ఎవరైనను చూడవచ్చును. పడవ యంత్రమునకొక పుస్తకము పెట్టి, కాయిలు మార్చిన తేదీ, దాని ఓములు, నడచునప్పటి వోల్టులు, ప్లగ్గు ఎడము అందు వ్రాయవలెను. కాలిన కాయిలును పాఱవేయక క్రొత్తది కొనబోవునప్పుడు వెంట తీసికొనిపోవలెను. రెండవ కాయిలు కాలిన దినముననే, కారణము తేలువఱకు ఆ పడవను ఏటిలోనికి దింపరాదని సంఘము కట్టడి చేయవలెను. ఈ కట్టడి కోతల దినములలో కష్టముగా తోచవచ్చును. అయినను ధాన్యము ఒక దినము లంకలో ఆగినచో మరుదినము చేరును. మనిషి కొట్టుకొనిపోయినచో మరల రాడు. యంత్రమెంత మంచిదైనను తెడ్డు, గడ, లంగరు, త్రాడు లేక పడవ ఒడ్డు విడువరాదు.