గిమ్లెట్టూ, నల్లబెల్లమూ

జిన్ తాగేవారు రసికులనీ, సారా తాగేవారు తాగుబోతులనీ మన చదువుకున్న వర్గంలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. దానికి సంస్కారమని పేరు కూడా పెట్టుకున్నాం. ఇంట్లో గిమ్లెట్ కలపడం చేతనైనవారిలో ఈ జబ్బు మరీ ముదిరింది. నేనూ కలుపుకుంటాను. ఆ హక్కుతోనే ఈ పేచీ.

ముందు పానీయం సంగతి. గిమ్లెట్ అంటే జిన్, నిమ్మ, తీపి. 1930లో లండన్‌లో వెలువడిన సావోయ్ హోటలు కాక్‌టెయిల్ పుస్తకం సగం జిన్, సగం రోజెస్ వారి సీసా నిమ్మరసం అని విధించింది. మనవాళ్ళకు అదే వేదమైంది. ఆ సీసా ఎందుకు పుట్టిందో ఎవరూ అడగరు. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో నిమ్మకాయ నిలవుండదు గనుక, మద్యం కలపకుండా చక్కెరతో రసాన్ని నిలవచేసే పద్ధతికి లాక్లన్ రోజ్ అనే స్కాట్లండు వ్యాపారి 1867లో పేటెంటు పుచ్చుకున్నాడు.

చోడవరం ఓడ కాదు. సంతలో పచ్చి నిమ్మకాయలు దొరికే ఊళ్ళో కూర్చుని, కళాసీల కోసం పుట్టిన సీసాను విశాఖపట్నం నుంచి తెప్పించుకోవడం ఏమి శాస్త్రం?

60 మిల్లీలీటర్ల జిన్‌కు 20 నిమ్మరసం, 20 పంచదార పాకం చాలు. పాకమంటే పంచదారా నీళ్ళూ సమానంగా కరిగించినదే, తీగపాకం అక్కరలేదు. మూత బిగువైన స్టీలు డబ్బాలో నిండా ఐసు వేసి, పదిహేను సెకన్లు గట్టిగా కుదిపి వడకట్టాలి. ఆ కుదుపులో కరిగే నీరు కూడా ఒక దినుసే. ఐసు దగ్గర పీనాసితనం పనికిరాదు. కాయ అప్పటికప్పుడు పిండాలి, గింజ నలగరాదు. పంచదారకు బదులు బెల్లం వేస్తే మన నేటివిటీ వస్తుందని వాదించే మిత్రులున్నారు. వద్దు. బెల్లం రుచి జునిపర్ పరిమళాన్ని మింగేస్తుంది. రంగు సంగతి చెప్పనే అక్కరలేదు.

బెల్లం మాట వచ్చింది గనుక అసలు పేచీకి వస్తాను. మాది నిన్నటి విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారినా చెరకుసీమ చెరకుసీమే. గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు. ఒకే చెరకు రెండు దారులు పడుతుంది. రసం కాస్తే బెల్లం. మిల్లుకు తోలితే పంచదార, దాని వెనుక మిగిలే మడ్డి మొలాసిస్. మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పట్టిన స్పిరిట్టే ఈ దేశంలో చవక జిన్ సీసాలకు చాలాకాలంగా ఆధారం. (ధాన్యపు స్పిరిట్టుతో చేసే ఖరీదైన జిన్‌లు ఈమధ్య వస్తున్నాయి, అది వేరే కథ.) దానికి జునిపర్ వాసన పట్టిస్తే జిన్. ఆ వాసన లేకుండా పాకెట్లలో నింపితే ఒకప్పటి సర్కారు సారా. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ఊరూరా ప్రవహించింది అదే.

1992లో దూబగుంట స్త్రీలు తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలినప్పుడు లేబులున్న సీసా దర్జాగా తిరిగివచ్చింది, సారా పాకెట్టు రాలేదు. ఆ తల్లుల ఆక్రోశం మాత్రం సీసాను మినహాయించలేదు.

ఇక నల్లబెల్లం. తెల్లదనం కోసం హైడ్రోస్ కలపని బెల్లం సహజంగానే ముదురు రంగు తేలుతుంది. అది నాటుసారాకు పోతుందన్న అనుమానంతో రైతునూ వ్యాపారినీ దొంగల్లా చూస్తారు. నాటుసారా ప్రాణాంతకం కావచ్చు, కాదనను. కానీ అదే చెరకు మడ్డి రంగు సీసాలోకి చేరేసరికి ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు!

లండన్‌లో జిన్ కూడా ఒకప్పుడు పేదల సారాయే. 1751లో హోగార్త్ 'జిన్ లేన్' చిత్రంలో చూపింది మత్తులో బిడ్డను జారవిడిచిన తల్లిని. అదే ఏడు పార్లమెంటు జిన్ అమ్మకాన్ని కట్టడి చేస్తూ చట్టం చేసింది. మన రసికుడి గ్లాసుకున్న వంశగౌరవం ఇదీ!

కూలివాడు తాగితే ఇల్లు గుల్లవుతుంది, మనం తాగితే కాదు కదా అంటారు. నిజమే. అది అతని కూలికీ మన జీతానికీ ఉన్న తేడా. గ్లాసులో ఉన్నదానికి ఆ ఘనత కట్టబెట్టడం ఎందుకు?

మా ఇంటికి వచ్చి, గిమ్లెట్ చప్పరిస్తూ "ఈ సారా జనం బాగుపడరండీ" అనే పెద్దమనిషికి రెండో గ్లాసులో నిమ్మరసం, పాకం, ఐసు మాత్రమే కలిపి ఇస్తున్నాను. ఇంతవరకూ తేడా కనిపెట్టినవారు ఇద్దరే.