పేరు తెలియని పిల్లల్ని పంచొద్దు

ఆఫ్రికన్ సిక్లిడ్లు పెంచేవారికీ, అమ్మేవారికీ విజ్ఞప్తి

హైదరాబాదులోనో విజయవాడలోనో ఏదైనా ఆక్వేరియం షాపుకు వెళ్లండి. వరసగా పేర్చిన తొట్లలో ఒకదాంట్లో పసుపువి, నీలంవి, నారింజవి, మచ్చలవి, చారలవి అన్నీ కలిసి గిరగిర తిరుగుతుంటాయి. అద్దం మీద మార్కర్‌తో ‘మిక్స్‌డ్ ఆఫ్రికన్’ అని రాసి, పక్కన ధర వేసి ఉంటుంది. ‘ఆ నీలంది ఏం చేపండీ?’ అంటే ‘సిక్లిడ్ సార్’ అంటాడు షాపువాడు. ‘ఏ సిక్లిడ్?’ అంటే ‘ఆఫ్రికన్ సార్’. అంతకు మించి సమాధానం రాదు. అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు. హోల్‌సేల్ వాళ్లు సంచి మీద ఏం రాసి పంపితే అదే అతనూ రాశాడు.

మా విజ్ఞప్తి ఆ తొట్టి గురించే. ఏ జాతో తెలియని ఆఫ్రికన్ సిక్లిడ్ పిల్లల్ని ఇకమీదట అమ్మొద్దు. పిల్లలు పెట్టించడానికని కొనొద్దు. స్నేహితుడు అడిగాడని పంచొద్దు. అమ్మే ప్రతి చేపకూ జాతి పేరు, తెలిస్తే సొంత చోటు పేరు, చీటీ మీద రాసి ఇవ్వాలి. చోటు తెలియకపోతే తెలియదనే రాయాలి. దీనికి చట్టం అక్కర్లేదు, ఇన్‌స్పెక్టర్లు అక్కర్లేదు. ఒక మార్కరూ కాస్త పట్టుదలా చాలు.

ఎందుకింత పట్టింపు అంటారా? ఈ చేపలు ఎక్కడివో చూస్తే అర్థమవుతుంది. వీటిలో చాలావాటి పుట్టిల్లు ఆఫ్రికాలోని మలావి సరస్సు. దాని పొడవు సుమారు 580 కిలోమీటర్లు, లోతు 700 మీటర్ల దాకా ఉంది. అందులో సిక్లిడ్ జాతులు 500కు తక్కువ లేవు. 1000 దాకా ఉంటాయని లెక్కగట్టేవాళ్లూ ఉన్నారు. దాదాపు అన్నీ ఆ సరస్సులో తప్ప భూమ్మీద మరెక్కడా లేనివే. వీటిలో రాళ్ల సందుల్లో బతికేవాటిని అక్కడివాళ్లు ఎంబూనా అంటారు. రాతిగుట్ట వదిలి ఇసుక మైదానం మీదుగా ఈదిపోవడానికి అవి జంకుతాయి. అందుకే ఒక గుట్ట దగ్గరి చేపకూ కాస్త దూరంలోని ఇంకో గుట్ట చేపకూ రంగు మారిపోతుంది. కొన్నిచోట్ల జాతే మారిపోతుంది. అందువల్ల ‘మలావి చేప’ అన్నంత మాత్రాన ఏమీ చెప్పినట్టు కాదు.

ఒక్క చేప సంగతి వివరంగా చెబుతాం. మలావి సరస్సులోనే చిజుములు అని చిన్న దీవి ఉంది.   ఆ దీవి దగ్గర నీళ్లలో మునిగి తైవాన్ రీఫ్ అనే రాతిదిబ్బ ఉంది. చిండోంగో సౌలోసీ అనే బుల్లి చేప సొంత ఊరు అదొక్కటే. 1990లో సిక్లిడ్ల పరిశోధకుడు ఆడ్ కోనింగ్స్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ సౌలోస్ మ్వాలే అనే డైవర్ పేరు పెట్టాడు. పిల్లలూ ఆడవీ నిమ్మపండు పసుపు. మగది ఎదిగేకొద్దీ నీలం తిరిగి, ఒంటి మీద నల్లటి నిలువు చారలు తేలతాయి. ఆ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఆక్వేరియం వ్యాపారానికి పట్టగా పట్టగా దిబ్బ మీద చేప పలచబడిపోయింది. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని చేర్చింది. అదే సౌలోసీ ఎన్నో దేశాల్లో ఇళ్ల తొట్లలో సుబ్బరంగా పిల్లలు పెడుతోంది. ఇళ్లలో పుట్టిన చేప దొరికితే సరస్సులో వల వేయించే అవసరం తగ్గుతుంది. ఆ ఇళ్లలోనే దాన్ని ఇంకోదానితో కలిపి కలగాపులగం చేస్తే, ‘అసలైనది కావాలి’ అన్నవాడి కళ్లు మళ్లీ ఆ రాతిదిబ్బ మీదే పడతాయి.

ఇక కలగాపులగం ఎలా అవుతుందో చూడండి. మగది ఒక రాయి పక్కన ఇసుక తోడి గుంట చేస్తుంది. ఒళ్లంతా వణికిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. రెండూ ఒకదాని తోక దగ్గర ఇంకోదాని మూతి పెట్టి గుండ్రంగా తిరుగుతాయి. ఆడది గుడ్డు పెట్టీ పెట్టగానే చటుక్కున తిరిగి నోట్లో వేసుకుంటుంది. మగదాని పొట్ట కింది వెనక రెక్క మీద అచ్చం గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి. ఆడది వాటినీ నోటితో అందుకోబోతుంది. సరిగ్గా అప్పుడే మగది వదిలిన వీర్యం దాని నోట్లో చేరి గుడ్లు ఫలిస్తాయి. ఆ తర్వాత ఇంచుమించు 3 వారాలు తల్లి మేత ముట్టదు. గొంతు కింద సంచి ఉబ్బి ఉంటుంది. దవడ ఏదో నములుతున్నట్టు మెల్లగా కదులుతుంటుంది. ఆఖరి రోజుల్లో అద్దం దగ్గరికొచ్చి నోరు కాస్త తెరిస్తే లోపల నల్లపూసల్లా పిల్లల కళ్లు కనిపిస్తాయి. ఇది ఒకసారి చూసినవాడు ఇక ఈ చేపల్ని వదలడు.

ఈ తతంగమంతా మలావి ఎంబూనాల్లో, అదే సరస్సులోని పీకాక్ సిక్లిడ్లలో దాదాపు ఒక్కటే. చిక్కు అక్కడే వచ్చింది. జాతికీ జాతికీ మధ్య అడ్డుగోడ ఒంటి నిర్మాణంలో పెద్దగా లేదు, చాలామటుకు ఆడదాని ఎంపికలో ఉంది. సరస్సులో తన జాతి మగవాటిని రంగు చూసి, నడత చూసి అది ఎంచుకుంటుంది. నాలుగడుగుల తొట్టిలో ఎంపికెక్కడిది? బలిసిన మగది ఒకటి మిగతావాటిని మూలకు తరిమి తొట్టంతా ఏలుతుంది. తన జాతి మగది లేకపోతే ఆడది ఆ ఏలేవాడితోనే గుడ్లు పెడుతుంది. ఈ జాతులన్నీ కాలం లెక్కలో మొన్నమొన్న విడిపోయినవి కనుక పుట్టిన పిల్లలు గొడ్డుబోవు, వాటికీ పిల్లలు పుడతాయి. ఎల్లో ల్యాబ్‌కూ రెడ్ జీబ్రాకూ పుట్టినవి లేత నారింజగా, పైరెక్క మీది నల్లగీత చెదిరిపోయి కనిపిస్తే, మన షాపులో వాటికీ ‘ఎల్లో ల్యాబ్’ అనే పేరు. పీకాక్‌ల సంగతి మరీ ఘోరం. మగవి రాజసంగా రంగులు విరజిమ్ముతాయి గానీ, ఆడవన్నీ ఒకే బూడిద గోధుమ రంగు. రెండు మూడు జాతుల ఆడవాటిని ఒక తొట్టిలో కలిపాక మళ్లీ విడదీయడం ఎంతటివాడి వల్లా కాదు.

మీ తొట్టి మీ ఇష్టం, నిజమే. కానీ పిల్లలు మీ తొట్టిలో ఉండిపోవు. 20, 30 పిల్లలు ఎదిగాక చోటు చాలదు. షాపుకిచ్చి మేత డబ్బా తెచ్చుకుంటారు. షాపువాడు వాటిని ముగ్గురికి అమ్ముతాడు. ఏడాది తిరిగేసరికి వాటి పిల్లలు ఇంకో ఊళ్లో ఏదో ఒక పేరుతో తేలతాయి. ఆ పేరు నమ్మి కొన్నవాడు తన దగ్గరున్న మంచి చేపతో జత కడతాడు. ఇలా రెండు మూడు చేతులు మారాక ఏది ఏదో చెప్పగలిగేవాడు ఎవడూ ఉండడు.

ఇలా జాతులు కలిసిపోవడం సరస్సులోనే జరిగిన సందర్భం కూడా ఉంది. ఆఫ్రికాలోనే ఉన్న విక్టోరియా సరస్సులో సిక్లిడ్ జాతులు 500 దాకా ఉండేవి. 1950లలో అక్కడ వదిలిన నైల్ పెర్చ్ అనే భారీ చేప 1980లలో విపరీతంగా పెరిగి, దాదాపు 200 జాతుల్ని తుడిచిపెట్టిందని అంచనా. ఈ కథ చాలామందికి తెలుసు. రెండో కథ అంతగా ప్రచారంలోకి రాలేదు. చుట్టుపక్కల పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చి చేరిన మురుగుతో నీళ్లు మసకబారాయి. పరిశోధకుడు ఓలే సీహౌసెన్, ఆయన సహచరులు 1997లో చూపించింది ఏమిటంటే, నీళ్లు మసకబారిన చోట ఆడ చేపకు మగదాని రంగు సరిగా కనబడదు, జాతులు కలిసిపోతాయి, రంగులు వెలిసిపోతాయి. అక్కడ నైల్ పెర్చ్ ఒక్కదాన్నీ మింగకపోయినా వైవిధ్యం పోతుంది. విక్టోరియా జాతులు కొన్ని ఇప్పుడు సరస్సులో కనబడక, తొట్లలో మాత్రమే మిగిలాయి. వాటిని పేరుతో సహా జాగ్రత్తగా పెంచినవాళ్లు ఉన్నారు కాబట్టి అవి మిగిలాయి.

అంతమాత్రాన మన ఇళ్లలో పెరిగిన చేపల్ని రేపు మలావి తీసుకెళ్లి వదిలేస్తామని ఎవరూ కలలు కనొద్దు. తరాల తరబడి తొట్టిలో, మన మేతకు, మన ఎంపికకు అలవాటు పడ్డ చేప వేరు. మేం కోరేది అంతకంటే చిన్నది: మన సరదా ఆ సరస్సు మీద భారం కాకూడదు.

‘కస్టమరుకు రంగులు కావాలి, పేర్లు కాదు’ అంటారు షాపులవాళ్లు. నిజమే, రంగు చూసే ఎవరైనా ఆగుతారు. కానీ ఆ రంగు ఎంతకాలం? వేలెడంత పీకాక్ పిల్లలు తొట్టి నిండా ఒక్కటి తప్పకుండా మెరిసిపోతున్నాయంటే అనుమానించాలి. ఆ వయసుకు మగవాటికే రంగు పూర్తిగా రాదు, ఆడవాటికి ఎప్పటికీ రాదు. మేతలో హార్మోన్ కలిపితేనే అలా వస్తుంది. ఇంటికి తెచ్చాక కొన్ని వారాల్లో రంగు దిగిపోతుంది. కొన్నవాడు తన నీళ్లనూ మేతనూ తిట్టుకుని, చివరికి తొట్టి ఎండగట్టి అటక ఎక్కిస్తాడు. ఆ కస్టమరు మళ్లీ షాపు గడప తొక్కడు. పేరు చెప్పి అమ్మినవాడి దగ్గరికి జతకు ఆడవాటి కోసం, మేత కోసం, రెండో తొట్టి కోసం తప్పకుండా వస్తాడు.

సంకరం మహాపాపమని మేం అనడం లేదు. ఫ్లవర్‌హార్న్ మనుషులు కలిపి తయారుచేసిన చేపే. దాని పేరుతోనే అమ్ముతారు, తెలిసే కొంటారు, గొడవేమీ లేదు. మచ్చల ఓబీ పీకాక్ కూడా అంతే. ‘ఇది సంకరం’ అని తొట్టి మీద రాసి అమ్మండి. మా పేచీ దొంగ పేరుతోనే.

పెంచేవాళ్లకు ఒక సూచన. నాలుగడుగుల తొట్టి ఉంటే ఒకే జాతి పెట్టి చూడండి. సౌలోసీలు ఒక డజను, అందులో మగవి రెండో మూడో. పసుపు గుంపు మధ్య నీలం మగవి తిరుగుతుంటే చూడవచ్చినవాళ్లు రెండు జాతులనుకుంటారు. రంగులు ఇంకా కావాలంటే రూపంలోనూ ప్రజాతిలోనూ బాగా దూరమైనవి ఎంచుకోండి. అయినా వాటి పిల్లల్ని కళ్లు మూసుకుని నమ్మొద్దు. పీకాక్‌ల రంగులన్నీ ఒకే తొట్టిలో చూడాలనే కోరిక ఉంటే అన్నీ మగవే పెట్టండి. పిల్లల బెడదే ఉండదు. ఆఫ్రికాలోనే ఇంకో సరస్సయిన టాంగన్యికా చేపల్లో నత్తగుల్లల్లో కాపురముండే మల్టీఫేసియేటస్ చిన్న తొట్టిలోనూ హాయిగా బతుకుతుంది. ఇరవై గుల్లలు పరిచి వదిలితే ఊరే కట్టేస్తుంది.

నీళ్ల విషయంలో మన అదృష్టం చెప్పుకోవాలి. బకెట్ల మీద, గీజర్లలో తెల్లగా సున్నం కట్టే మన బోరు నీళ్లు వీటికి చాలాచోట్ల సరిగ్గా సరిపోతాయి. మలావి చేపలకు పీహెచ్ 7.8 నుంచి 8.6, టాంగన్యికా చేపలకు ఇంకాస్త ఎక్కువ కావాలి. డబ్బు పోసి ఆర్వో నీళ్లు కలపనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో అమ్మోనియా మరింత విషమవుతుంది, కాబట్టి ఫిల్టరు కుదురుకోకముందే చేపల్ని దింపొద్దు. ఇక మేత సంగతి: ఎంబూనాలు రాతి మీది పాచి గీరుకుతినే రకం. వాటికి మాంసం మేత మీద మేత వేస్తే కడుపుబ్బి చస్తాయి.

చీటీ మీద ఏం రాయాలన్నది పెద్ద విద్యేం కాదు. ‘చిండోంగో సౌలోసీ, తైవాన్ రీఫ్ రకం, ఫలానా వారి తొట్టిలో పుట్టినవి, ఫలానా నెల’. అంతే. కొన్నవాళ్లు ఆ చీటీని దాచుకోవాలి, పిల్లలిచ్చేటప్పుడు దాన్నే కొనసాగించాలి. ఊళ్లో ఒకే జాతి పెంచేవాళ్లు నలుగురుంటే అప్పుడప్పుడు మగవాటిని మార్చుకోండి, అన్నాచెల్లెళ్ల సంతానంతో జాతి క్షీణించకుండా ఉంటుంది. షాపులవాళ్లు పేరున్న పిల్లలకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తే ఈ పద్ధతి దానంతటదే పాకుతుంది.

ఇంకొకటి చెప్పక తప్పదు. పెంచలేకపోయిన చేపల్ని చెరువులో వదలొద్దు. ‘ప్రాణం తీయలేక వదిలాం’ అనేవాళ్ల మంచితనం మనకు తెలుసు. కానీ అద్దాలు శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న సక్కర్ ఫిష్ మన చెరువుల్లోకీ చేపల గుంటల్లోకీ చేరి ఆంధ్ర రైతుల వలలు ఎలా చింపుతోందో వాళ్లనే అడగండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా ఆఫ్రికన్ సిక్లిడే. ఈ రోజు అది లేని చెరువు చూపించడం కష్టం. చేప అక్కర్లేకపోతే షాపుకు తిరిగివ్వండి, లేదా ఇంకో పెంపకందారుకివ్వండి.

ఇప్పటికే మిక్స్‌డ్ తొట్టి పెట్టుకున్నవాళ్లు కంగారు పడొద్దు. ఆ చేపలకేం తక్కువ కాలేదు, వాటి ఆయుష్షున్నంత కాలం బాగా చూసుకోండి. తల్లి నోరు ఉబ్బిందని వలతో పట్టి, పిల్లల్ని కక్కించి, వేరే తొట్టిలో సాకకండి. దాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి. అది వదిలిన పిల్లల్ని మిగతా చేపలు చాలామటుకు తినేస్తాయి, సరస్సులోనూ జరిగేది అదే. రాళ్ల సందుల్లో దాక్కుని ఒకటీ రెండూ బతికితే మీ దగ్గరే పెరగనివ్వండి. అడిగినవాళ్లకు మాత్రం ఇవ్వకండి.