చల్లదనమూ అమానతే

మూసా ప్రవక్త (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని మద్‌యన్ వృద్ధునికి సూచించిన ఆయన కుమార్తె రెండు అర్హతలను ప్రస్తావించింది: బలం, విశ్వసనీయత. దివ్య ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరా (28) తెలిపే ఈ కొలమానం నేటి ఏసీ మెకానిక్‌కూ వర్తిస్తుంది.

గోస్పాడు నుంచి నంద్యాలకు వెళ్లి ఇళ్ల ఏసీలు బాగుచేసే యువకునికి ఆసుపత్రి, పాలకేంద్రం పనులు లభిస్తే ఆదాయంతో పాటు అమానత్ కూడా పెరుగుతుంది. ఇంటి ఏసీ సాధారణంగా ఒకటి, రెండు టన్నులది. 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌పై నడుస్తుంది. పెద్ద చిల్లర్లకు 415 వోల్టుల త్రీ ఫేజ్ కావాలి. ఇంట్లో లోపం జరిగితే ఒక కుటుంబానికి ఉక్కపోత. పాలకేంద్రంలో 4 డిగ్రీల చలువ నిలవకపోతే ఎందరో పాడిరైతుల కష్టం విరిగిపోతుంది. ఆపరేషన్ థియేటర్‌లో గాలి శుద్ధి లోపిస్తే రోగి ప్రాణానికే ముప్పు.

కాబట్టి తెలియని పనికి ఒప్పుకొనే ముందు అనుభవజ్ఞుని వద్ద సహాయకునిగా చేరడం మేలు. కూలి తగ్గుతుందని కుటుంబం నిరుత్సాహపరచరాదు. మూసా (అలైహిస్సలాం) సైతం మద్‌యన్‌లో ఒప్పందం ప్రకారం ఏళ్ల తరబడి పనిచేశారు. పైపులను పూర్తిగా వాక్యూమ్ చేయకుండానే గ్యాస్ నింపి, పూర్తి బిల్లు పుచ్చుకోవడం తూకంలో కోత వంటిదే. యజమాని చూడలేని ఆ పైపు లోపలిని అల్లాహ్ చూస్తున్నాడు.