కొండ దాటిపోతున్న కృష్ణమ్మ

మహాబలేశ్వర్‌లో పుట్టే కృష్ణకు అరేబియా సముద్రం అరవై, డెబ్భై కిలోమీటర్ల దూరమే. అయినా అటు పోదు. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది కాబట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. త్ర్యంబకంలో పుట్టిన గోదావరిదీ అదే దారి. సహ్యాద్రికి ఆవల పడిన వాన మాత్రం పొట్టి పొట్టి కొంకణ్ నదుల్లో చేరి చూస్తుండగానే అరేబియా పాలవుతుంది.

ఈ వాలును మనిషి ఎప్పుడో మార్చేశాడు.

కొయ్నా కూడా మహాబలేశ్వర్ దగ్గరే పుట్టి, కరాడ్‌లో కృష్ణలో కలుస్తుంది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ఆ నది మీద ఆనకట్ట కట్టి, నీటిని సొరంగాల్లో పడమటికి మళ్లించారు. ఘాట్ల అంచు నుంచి వందల మీటర్ల కిందికి దూకిన నీరు టర్బైన్లు తిప్పి, వాశిష్ఠి నదిలో చేరి, చిప్లూన్ మీదుగా అరేబియాలో కలుస్తుంది. ఇంతకన్నా ముందే కృష్ణ ఉపనది భీమా పరీవాహకంలో, ఇలాగే నీటిని పడమటికి మళ్లించే టాటాల జలవిద్యుత్ జలాశయాలు వెలిశాయి. తమ భూములు మునుగుతాయని ముల్షీ రైతులు 1921లో సేనాపతి బాపట్ నాయకత్వంలో సత్యాగ్రహం చేశారు. ఆనకట్ట ఆగలేదు.

కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కొయ్నా మళ్లింపును ఏడాదికి 67.5 టీఎంసీలకు పరిమితం చేసింది. టాటాలకు సగటున 42 టీఎంసీల పైచిలుకు దక్కింది. రెండూ కలిపి దాదాపు 110. ఆరుతడి పంటలకు టీఎంసీతో పది వేల ఎకరాలు పండుతాయన్న మామూలు లెక్కన, ఇవి పదకొండు లక్షల ఎకరాల నీళ్లు.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఒక బేసిన్ నీటిని మరో బేసిన్‌కు తరలించడం తెలుగువారికీ కొత్త కాదు. పోతిరెడ్డిపాడు నుంచి పెన్నా వైపు, అక్కడి నుంచి చెన్నైకి కృష్ణా జలాలు పోతూనే ఉన్నాయి. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట పడమటికి పోయే నీటిని తూర్పున మదురై పొలాలకు మళ్లించింది. కానీ ఆ నీళ్లు పైరుకో, గొంతుకో అందుతున్నాయి. కొయ్నా నీళ్లు టర్బైన్ దాటాక కొంత కొంకణ్ అవసరాలకు పోగా, ఎక్కువ భాగం సముద్రానికే.

కొయ్నా కట్టిన రోజుల్లో ముంబయి పరిశ్రమలకు ఆ కరెంటు ప్రాణాధారం. ఇవాళ కరెంటుకు సౌర, పవన విద్యుత్తు లాంటి దారులు పెరిగాయి. సాయంత్రం ఒక్కసారిగా పెరిగే వాడకాన్ని జలవిద్యుత్తు ఇట్టే అందుకుంటుందన్నది నిజమే. దానికి విలువ కట్టి పరిహారం ఇవ్వవచ్చు. నారుమడికి మాత్రం నీటికి బదులు మరొకటి లేదు.

అందుకే వానలు ముఖం చాటేసిన ఏళ్లలోనైనా పడమటి మళ్లింపును తగ్గించాలి. తగ్గిన కరెంటును దిగువ రాష్ట్రాలు సమకూర్చాలి, లేదా దాని ఖరీదు చెల్లించాలి. మిగిలిన నీళ్లన్నీ శ్రీశైలానికి చేరతాయని ఆశపడకూడదు. సాంగ్లీ, సోలాపూర్ కరవు తాలూకాలు ముందే చేయి చాస్తాయి. వాటి వాటా వాటికి ఇవ్వాల్సిందే.

ఇదంతా మాట్లాడుకోవడానికి 2014లో ఏర్పడిన కృష్ణా బోర్డు సరిపోదు. దాని పరిధి రెండు తెలుగు రాష్ట్రాలకే. అవి శ్రీశైలం, సాగర్‌లకు చేరిన నీటి వాటాల దగ్గరే కీచులాడుకుంటున్నాయి. కేంద్రం మహారాష్ట్ర, కర్ణాటకలను కూడా కూర్చోబెట్టి, ఏ మట్టానికి జలాశయాలు పడిపోతే పడమటి టర్బైన్లు ఆపాలో వచ్చే కరవుకు ముందే రాయించాలి.