చలినేలల నిక్షేపము

తెలుగులో 'ఊబి' అను మాటకు మంచిపేరు లేదు. అప్పుల ఊబి యనియు, వ్యసనముల ఊబి యనియు మాత్రమే అది వాడుకలో నిలిచినది. ఉత్తర దేశములలోను చిత్తడి నేలలకు చిరకాలము ఇట్టి అపకీర్తియే దక్కినది. కాలువలు త్రవ్వి, నీరు తీసివేసి, సాగులోనికి తెచ్చుటయే వాటికి సద్గతి యని అచ్చటి ప్రభువులును రైతులును శతాబ్దముల తరబడి భావించిరి. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున ఆ తీర్పును తిరుగదోడవలసి యున్నది.

కెనడాలోని హడ్సన్ అఖాతపు పల్లములు, పశ్చిమ సైబీరియాలోని వాస్యుగాన్ బాడవలు, ఫిన్లండు, స్కాట్లండు దేశముల తడినేలలు - వీటియందు పాదముల క్రింద నుండునది మన్ను కాదు. పీట్ అను నల్లని పదార్థము. సగము మాత్రమే కుళ్ళి, మిగిలిన సగము అట్లే నిలిచిపోయిన నాచు, ఆకు, అలము అది. భూతలమున పీట్ నేలలు సుమారు 3 శాతము మాత్రమే. అయినను ప్రపంచపు నేలలన్నిటిలో దాగియున్న కర్బనములో దాదాపు మూడవ వంతు వాటి గర్భముననే యున్నది. లోకమందలి అడవుల చెట్లన్నియు కలిసి మోయు కర్బనము అంతకు తక్కువ.

ఈ సంపదను కూడబెట్టినది స్ఫాగ్నమ్ అను చిన్న నాచు. దీనికి వేళ్ళు లేవు. పైన పెరుగుచు క్రింద చచ్చుచుండును. తన పొడిబరువుకు అనేక రెట్లు నీటిని పట్టి, చుట్టునున్న నీటిని పులియజేయును. నీటిలో మునిగిన నేలకు ప్రాణవాయువు అందదు. పులుపు, చలి తోడగుటచే కుళ్ళజేయు సూక్ష్మజీవులు మందగించును. 1950లో డెన్మార్కులో ఇట్టి నేలను త్రవ్వినవారికి దొరికిన 'టొల్లుండ్ మనిషి' రెండువేల యేండ్లకు పైబడినవాడు. అయినను అతని ముఖముపై ముడతలును, గడ్డపు మొలకలును చెదరలేదు. పీట్ పొర ఏడాదికి ఒక మిల్లిమీటరు పెరుగుటయే గొప్ప. అనగా మీటరు మందము నిండుటకు ఇంచుమించు వేయి సంవత్సరములు పట్టును. సింగరేణి బొగ్గు సహితము కోట్ల యేండ్ల క్రిందట ఇట్టి చిత్తడిలో పేరుకొన్న ఆకు అలమే.

ఈ కోశాగారమునకు తాళము చలియు నీరును. ఉష్ణము పెరిగినచో ఏమగును? మిన్నెసోటా ఉత్తర భాగమందలి మార్సెల్ ప్రయోగారణ్యములో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలయు, అమెరికా అటవీశాఖయు కలిసి దీనిని పరీక్షించినవి. బాడవపై కప్పులేని పది ఆవరణములను కట్టి, 2014లో లోపలి పీట్‌ను, 2015 నుండి పైగాలిని కూడ వేడిచేసిరి. పెంపు సున్న మొదలు 9 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఐదు మెట్లుగా నుంచిరి. 2016 నుండి సగము ఆవరణములలోనికి బొగ్గుపులుసు వాయువును అదనముగా పంపిరి.

మొదట కంటికి కనబడినది పచ్చదనమే. వసంతము ముందుగా వచ్చినది, శరత్తు ఆలస్యమైనది. పొదలు వేళ్ళను విస్తరించి ఏపుగా పెరిగినవి. ఇంతవరకే చూచినవాడు, ఉష్ణము వలన ఉత్తరదేశములు సస్యశ్యామలము లగునని సంతోషింపవచ్చును. అట్లు వాదించువారును లేకపోలేదు.

కాని లెక్క అచ్చటితో ముగియలేదు. నేల ఎండి, పొదల నీడ పడుటచే స్ఫాగ్నమ్ క్షీణించినది. మిక్కిలి వేడిచేసిన ఆవరణములలో అది సగము నేలకు పైగా విడిచిపెట్టినది. నీటిమట్టము దిగినచోట ప్రాణవాయువు చొరబడి, సూక్ష్మజీవులు ప్రాతకర్బనమును ఆరగింప నారంభించినవి. తడి మిగిలినచోట మీథేన్ అధికమైనది. 2020లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, పొదలు ఆర్జించిన దానికంటె నేల పోగొట్టుకొన్నదే మిక్కుటము. ఆ నష్టము పూర్వము కూడబెట్టిన వేగమునకు అనేక రెట్లు. కూలి పెరిగినదని మురిసి, తాతలనాటి కొట్టుకు కన్నము పడుట గమనింపని గృహస్థు పరిస్థితి ఇది.

కనుక పచ్చదనమే క్షేమమునకు కొలబద్ద యనుట పొరపాటు. ఈ పొరపాటునకు స్కాట్లండు మూల్యము చెల్లించినది. ఆ దేశపు ఉత్తరపు కొననున్న ఫ్లో కంట్రీలో, 1980ల దశకమున, పన్ను రాయితీల ఆశతో పీట్ నేలలకు కాలువలు త్రవ్వి దేవదారు జాతి చెట్లు నాటిరి. చెట్లు పెరిగినవి, నేల ఎండినది. పిమ్మట ఆ చెట్లనే నరికి, కాలువలు పూడ్చి, నీటిని తిరిగి నిలుపవలసివచ్చినది. ఆ ప్రాంతమే 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితా కెక్కినది. చెట్టు నాటుట పుణ్యమే. ఎచ్చట నాటుచున్నామో యెరుగుట అంతకంటె ముఖ్యము.

పాఠశాలలలో వనమహోత్సవము నాడు బాలురచే మొక్కలు నాటించుట సంప్రదాయము. అది మానరాదు. కాని మొక్క నాటితిమి గనుక పొగగొట్టముల లెక్క చెల్లిపోయినదన్న తృప్తిని వారి కలవరపరాదు. మొక్క యొక్క ఆర్జన దశాబ్దములది. పీట్ నిక్షేపము సహస్రాబ్దములది. ఒకసారి గాలిలో కలసిన ప్రాతకర్బనమును తిరిగి నేలలో దాచుటకు ఒక తరము, రెండు తరములు చాలవు. కాలువలు పూడ్చి నీరు నిలిపిన బాడవలు కొంత కోలుకొనును. ఉష్ణమే పెరిగిపోయినచో ఆ ఉపాయమునకును బలము తగ్గును. బొగ్గును, నూనెను కాల్చుట తగ్గించుటయే మూలమైన మార్గము.

ఉపాధ్యాయుడు కర్బనచక్రమును బోధించునపుడు నల్లబల్లపై చెట్టు బొమ్మ ప్రక్కన ఒక నాచుమడి బొమ్మను గూడ వేయవలెను. దాని క్రింద మీటరు లోతున పీట్ చూపి, ఆ లోతు నిండుటకు ఎన్ని యేండ్లు పట్టునో పిల్లలచేతనే లెక్క కట్టింపవలెను.